ఎవరూ పంపని పింఛను

ఇప్పుడు మీరు ఒకసారి కాగితం మీద సంతకం పెడితే చాలు, నెలనెలా ఇంత అని ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కదిలి వస్తుంది. మా మనవడు ఫోనులో చూపించాడు. మా కాలంలో అదే పని జరగడానికి ఒక మనిషి బొటనవేలు, ఒక సాక్షి, ఒక గుమాస్తా, ఆ ముగ్గురికీ సరిపడినంత భయం కావలసి వచ్చేవి. వేలూ సాక్షీ గుమాస్తా నిబంధనల పుస్తకంలో ఉన్నాయి. భయం సంగతి అందులో రాసి లేదు. ఈ తపాలా ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం దాని గురించే రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు హిందూపురంలో. మా నాయన నన్ను ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివించి, "ఇంక నీ చదువు నువ్వే చూసుకో" అన్నాడు. నేను ఆ మాటను నిజంగానే పట్టుకున్నాను. సాయంత్రం ఆఫీసు మూయగానే గ్రంథాలయానికి పోయి తలుపులు వేసేదాకా కూర్చునేవాణ్ణి. అల్మారాలో ఏది ముందుంటే అది చదివేవాణ్ణి. ఖగోళం, పశువైద్యం, రోము చరిత్ర, తేనెటీగల పెంపకం. గ్రంథపాలకుడు ఒకరోజు నా వెనక నిలబడి, "ఏమప్పా, నువ్వు పుస్తకాలు చదువుతాండావా, అల్మారాకు దుమ్ము దులుపుతాండావా?" అన్నాడు. కాలేజీ మెట్లు ఎక్కనివాడిని కదా, ఆ ఎగతాళి కూడా నాకు పట్టాలాగే అనిపించింది.

అక్కడే నాకు అట్ట చిరిగిపోయి, రాసినవారి పేరు కూడా మిగలని ఒక పుస్తకం దొరికింది. ఇంటి ఆదాయవ్యయాల గురించి. రాబడి ఒక పక్క రాయి, ఖర్చు ఒక పక్క రాయి, ఖర్చు ఎంత ఎక్కువైతే అంత మాత్రమే దాచిన సొమ్ములోంచి నెలకొకసారి తీయి, తీసే రోజు మార్చకు, తీసే మొత్తం మార్చకు. ఇదీ దాని సారం. నేను దాన్ని మొత్తం నోట్సు రాసుకున్నాను. నా పెళ్లి కాకముందే నా సంసారానికి బడ్జెట్టు తయారుగా ఉండేది.

ఆ నోట్సుతోనే పెనుకొండకు బదిలీ మీద వచ్చాను. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. జనం ఇంకా అణాల్లోనే అడిగేవాళ్లు, మేము పైసల్లో ఇచ్చేవాళ్లం, మధ్యలో రోజూ ఒక తగాదా. మా పోస్టుమాస్టరుకు నిబంధనలన్నీ కంఠతా వచ్చు. తనిఖీ అన్న మాట వింటే ఆయన చేయి చొక్కా గుండీల మీదికి పోయేది, అన్నీ పెట్టుకున్నానా అని తడిమి చూసుకోవడానికి. ఇంకొకడు పోస్ట్‌మ్యాన్. సైకిలు మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. ఉత్తరాలకన్నా ముందు కబుర్లు పంచేవాడు. ఈ ఇద్దరి మధ్య నా బల్ల.

ఆ ఏడాది సేవింగ్స్ బ్యాంకు కిటికీ దగ్గరికి ఒకామె రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు కార్ల కర్మాగారం ఉన్న ఎర్రమంచి వైపు పల్లె. ఆమె భర్త రైలు పట్టాల గ్యాంగులో కూలి. మంచు కమ్మిన ఒక పొద్దున పట్టాల మీద పనిలో ఉండగా గూడ్సు బండి తగిలి పోయాడు. నష్టపరిహారం మంజూరు చేసిన అనంతపురం అధికారి ఎవరో ముందుచూపు ఉన్నవాడు. రొక్కం చేతికివ్వకుండా ఆమె పేరు మీద మా ఆఫీసులో వేయించాడు. రెండు వేల చిల్లర. ఆమెను అనంతపురం తీసుకుపోయింది గ్యాంగు మేస్త్రీ. నిజానికి పోవలసినవాడు ఆమె బావ, అంటే భర్తకు అన్న, ఆ ఇంటి యజమాని. ఆ రోజు ఆయనకు చలిజ్వరం పట్టుకుని దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడట.

"నా బిడ్డల అదృష్టం సార్, ఆ జొరం" అంది ఆమె నాతో తర్వాత.

ఎందుకంటే ఆ బావకు చేలో సగం తవ్విన బావి ఒకటి ఉంది. సగం బావి కన్నా ఆకలిగొన్న నోరు ఈ సీమలో ఇంకొకటి లేదు. ఎంత పోసినా ఇంకో మట్టు లోతుకు పోతే నీళ్లు పడతాయనే అనిపిస్తుంది. మా వైపు ఇంట్లో మగవాడు పోతే, ఆ పేరుతో వచ్చిన సొమ్ము ఇంటి పెద్ద చేతికి పోవడం ఆచారం. అడగడం అంటూ ఉండదు, ఇవ్వను అనడం అసలే ఉండదు. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. ఉమ్మడి చేలో పండిన గింజల్లో ఆమెకు వంతు వస్తుంది, మిగతాది ఎవరి తిప్పలు వాళ్లవి. రెండు వేల సంగతి బావకు తెలిస్తే అది బావిలోకి పోతుంది. ఆమె పిల్లలు, ఎనిమిదేళ్ల ఆడపిల్లా ఐదేళ్ల మగపిల్లవాడూ, ఆ బావి గట్టు మీద కూర్చుని నీళ్లు ఎప్పుడు పడతాయా అని చూస్తారు. అందుకని ఆమె ఆ డబ్బు గురించి ఇంట్లో పెదవి విప్పలేదు.

అయితే ఆమెకు ఇంకో భయం కూడా ఉండేది. తీయాలంటే భయం. కిటికీ దగ్గరికి వచ్చి నా చేత ఫారం రాయించుకునేది. చదువు రాని ఖాతాదారు కాబట్టి ఆమెను ఎరిగిన మనిషిగా మా పోస్ట్‌మ్యాన్ సాక్షి సంతకం పెట్టాలి. అతను కలం తీసేవాడు. ఆమె బొటనవేలు సిరా దిమ్మె దాకా వచ్చి వెనక్కి పోయేది.

"వద్దులే సార్. వచ్చే నెల చూస్తా."

ఇలా మూడు నెలలు. పోస్ట్‌మ్యాన్‌కు ఓపిక పోయింది. "ఏమ్మా, నా సంతకం ఏమన్నా కోడిగుడ్డా, పొదుగుదామని పెట్టుకోను?" అన్నాడు. ఆమె నవ్వలేదు.

"ఒకసారి తీస్తే ఆగదన్నా. కడవకు బెజ్జం పడినాక నీళ్లు యాడన్నా నిలుస్తాయా?"

ఆమె పోయాక పోస్ట్‌మ్యాన్ నాతో మెల్లగా చెప్పాడు, ఆ ఇంట్లో రెండో పొయ్యి మీద రోజూ ఉడికేది ఆకుకూర నీళ్లేనని. రెండు వేలు ఖాతాలో పెట్టుకుని ఆ పిల్లలు ఎండుతున్నారు. మరుసటి సంతకు ఆమె వచ్చినప్పుడు కిటికీ దగ్గర జనం తగ్గేదాకా ఉండమని చెప్పి, వరండాలో స్తంభం పక్కన కూర్చోబెట్టి నా నోట్సు తెరిచాను.

పుస్తకంలోని పద్ధతి ప్రకారం మొదట ఖర్చుల పద్దులు చదివాను. తిండి, బట్ట, దీపం, చదువు, వైద్యం, వినోదం.

"వినోదమంటే ఏంది సార్?"

"మనసుకు సంతోషం కోసం పెట్టే ఖర్చు."

ఆమె కాస్త ఆలోచించింది. "మా తోడికోడలు దినామ్ము మా అత్తతో పెట్టుకునే కొట్లాట ఉండాది. దానికి దుడ్లు పడవు సార్."

ఆ పద్దు కొట్టేశాను. రాబడి దగ్గర అంతకన్నా చిక్కు వచ్చింది. నెలకు ఎంత వస్తుంది అంటే ఆమెకు అర్థం కాదు. కలుపు దినాల్లో ఇంత, శెనక్కాయలు పీకే దినాల్లో ఇంత, మేక ఈనితే ఇంత, వాన రాకపోతే ఏమీ లేదు. పైగా అణాల్లో. నేను వాటన్నిటినీ కలిపి, పైసల్లోకి మార్చి, పన్నెండు నెలలకు పంచాను. గింజలు కాకుండా ఉప్పూ మిరపకాయా కిరసనాయిలూ బట్టా పలకా అన్నీ చేర్చితే నెలకు ఇరవై నాలుగు రూపాయలు కావాలి. కూలి తొమ్మిది వస్తోంది. లోటు పదిహేను.

"నెలకు పదిహేను తీసుకో. వడ్డీతో కలిపి పన్నెండేళ్లు దాటి వస్తుంది. అప్పటికి నీ కొడుకు చేతికందుతాడు. ప్రతి నెలా మొదటి సంతనాడు రా. పదిహేనే. పండగ వచ్చినా పదహారు వద్దు, పస్తున్నా ముందుగా వద్దు."

"అట్ల చేస్తే బెజ్జం పెద్దది కాదా?"

"అంతే ఉంటుంది. దాని కొలత నేను రాసి పెట్టాను."

ఆమె ఆ కాగితం వంక, చదవలేకపోయినా, చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వచ్చి వేలు దిమ్మె మీద పెట్టింది. గట్టిగా కళ్లు మూసుకుని పెట్టింది. నా బడ్జెట్టు మొదటిసారి పుస్తకం దాటి ఒక పొయ్యి మీదికి పోయిన రోజు అది. నేను ఆ సాయంత్రం కోటగుట్ట దాకా నడిచి, ఎవరూ లేని చోట నాలో నేనే నవ్వుకున్నాను.

నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

నెలనెలా మొదటి సంతనాడు ఆమె వచ్చేది. ఒంటరిగా కాదు. సంతకు బావ బండి కట్టేవాడు, ఆమె అందులోనే వచ్చేది, వేరే దారి లేదు. మా ఆఫీసుకు ఎదురుగా రోడ్డుకు అవతల ఎద్దుల బండి నిలిచేది. నొగ మీద పొడుగాటి మనిషి ఒకడు, నెత్తిన తువ్వాలు, కదలకుండా కూర్చునేవాడు. ఆమె స్తంభం చాటుకు వచ్చి మొదట అడిగే మాట ఒకటే.

"బావ ఇటే చూస్తాండాడా సార్?"

రెండో నెలో మూడో నెలో ఆ పొడుగాటి మనిషి బండి దిగి వచ్చి నా కిటికీ ముందు నిలబడ్డాడు. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదిహేను రూపాయలు నా చేతిలోంచి ఆమె చేతికి పోవడం ఆయన చూశాడు.

"ఎన్నాళ్లు వస్తాది సార్ ఇది?" అన్నాడు నన్నే చూస్తూ.

ఒకరి ఖాతా గురించి ఇంకొకరికి చెప్పకూడదు. అది మాకు మొదటి పాఠం. అయినా ఆ మనిషి నిలువు, ఆ గొంతు నన్ను పట్టుకున్నాయి. "పిల్లవాడు పెద్దయ్యేదాకా" అని నా నోటి వెంట వచ్చేసింది.

"ఊ" అన్నాడు. వెనక్కి తిరిగి బండి దగ్గరికి పోయాడు.

ఆ తర్వాతి వారం పోస్ట్‌మ్యాన్ కబురు మోసుకొచ్చాడు. ఆ పల్లె అంతా ఒకటే మాట. రైలోళ్లు ఆయమ్మకు నెలనెలా పించిని ఇస్తాండారంట, పదైదు రూపాయలు, బిడ్డోడు పెద్దయ్యేదాకానంట. మూటగా ఏమీ ఇయ్యలేదంట పాపం.

ప్రతి నెలా ఒకే రోజు, ఒకే మొత్తం అని నేనే కదా చెప్పాను. చూసేవాళ్లకు అది పింఛను కాక ఇంకేమనిపిస్తుంది? మరుసటి నెల ఆమె వచ్చినప్పుడు అడిగాను.

"నేను అనలేదు సార్, బిడ్డల మీద ఒట్టు. వాళ్లే అనుకుంటాండారు. నేను కాదనలేదు, అంతే."

ఆ మాట నన్ను రాత్రింబగళ్లు పట్టుకుంది. ఆమె కాదనలేదు. నేనూ కాదనలేదు. కాదంటే రెండు వేలు బావిలోకి పోతాయి. కాదనకపోతే, లేని పింఛను ఒకటి మా ఆఫీసులో బట్వాడా అవుతోందని ఊరు నమ్ముతోంది. రేపు ఎవరైనా పైకి అర్జీ పెడితే? ఫలానా గుమాస్తా రైల్వే పింఛనులో మిగతాది తింటున్నాడంటే? నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. మా ఇంట్లో నా జీతం మీద మా నాయన, మా అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. నా నోట్సులో నా సంసారం బడ్జెట్టు తీసి, రాబడి పక్క సున్నా వేసి చూసుకున్నాను. వెంటనే మూసేశాను.

పోస్టుమాస్టరుకు పింఛను మాట తెలియదు. ఆయన ఊళ్లోకి పోయే మనిషి కాదు. ఆయనకు తెలిస్తే తనిఖీ అనుకుని వణికి, అందరి ముందూ నిజం చెప్పేస్తాడు. పోస్ట్‌మ్యాన్‌కు అంతా తెలుసు, అతని నోటికి తలుపే లేదు. ప్రతి ఉదయం అతను సైకిలు మీద బయలుదేరుతుంటే, ఈ రోజుతో అయిపోయింది అనుకునేవాణ్ణి. చిత్రమేమిటంటే ఊరివాళ్ల పెళ్లిళ్లూ గొడవలూ అన్నీ పంచిన ఆ మనిషి ఈ ఒక్క సంగతి ఎక్కడా జారవిడవలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏంటికి సార్ చెప్తా? ఆ పొయ్యి మీద ఉడికేది నేను చూసినాను గదా" అన్నాడు.

మరుసటి ఏడు వానలు పోయాయి. వేరుశెనగ చేలు మొలకెత్తి, నెలరోజులకే తల వాల్చాయి. సంతకు వచ్చే బండ్లు తగ్గాయి. కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లంతా తీసుకునేవాళ్లే, వేసేవాళ్లు లేరు. ఆ పల్లెలో బావి ఇంకో రెండు మట్లు దిగిందని, హిందూపురం శెనక్కాయల మండీ సావుకారు దగ్గర తెచ్చిన అప్పు మీదే దిగిందని, నీళ్లు మాత్రం పడలేదని పోస్ట్‌మ్యాన్ చెప్పాడు. ఆమె స్తంభం చాటున నిలబడే సేపు పెరిగింది. "బావ అన్నం తినేటప్పుడు ఊరికే నా పొయ్యి పక్క చూస్తాండాడు సార్" అంది. "అడుగుతాడేమో సార్. అడిగితే నేను లేదనలేను."

ఇక ఆ రోజు.

ఆ నెల మొదటి సంత. ఆమె వచ్చి స్తంభం దగ్గర నిలబడింది. పోస్ట్‌మ్యాన్ ఇంకా బీటు నుంచి రాలేదు, సాక్షి కోసం చూస్తోంది. నేను మనియార్డర్లకు ముద్రలు వేస్తున్నాను. కిటికీ ముందు ఆరేడుగురు. ఇంతలో వాళ్లందరూ పక్కకు జరిగారు. బావ వస్తున్నాడు. ఆయన వెనకే తెల్ల చొక్కా, చంకలో గొడుగు, మండీ సావుకారు.

స్తంభం వైపు చూశాను. ఆమె గోడకు అతుక్కుపోయింది.

"అడుగప్పా" అన్నాడు సావుకారు వెనక నుంచి. "నోట్లో ఏమన్నా పెట్టుకొనుండావా?"

బావ కిటికీ చువ్వలు పట్టుకుని, వరండా అంతా వినపడేలా అడిగాడు.

"సార్, రైలోళ్లు మా మరదలికి నెలనెలా ఇచ్చే పించిని, రెండేండ్లది ఒకేసారి ముందుగా ఇస్తారా? ఇయ్యరా?"

ముద్ర నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఇస్తాం అనలేను. అసలు పింఛనే లేదు అంటే అంతా అయిపోతుంది. అబద్ధం చెప్పకుండా నా ముందున్న దారి ఒక్కటే అనిపించింది.

"పింఛను ముందుగా ఇచ్చే పద్ధతి ఈ ఆఫీసులో లేదు" అన్నాను. అది నిజమే. పింఛను ఆలస్యంగా ఇచ్చే పద్ధతీ మా ఆఫీసులో లేదు.

"వింటివా సావుకారా?" అన్నాడు బావ.

సావుకారు తేలిగ్గా వదిలే మనిషి కాదు. బావను భుజంతో తోసి ముందుకొచ్చాడు. "ఏమప్పా గుమాస్తా, మాకి చెవుల్లో పూలు పెడతాండావా? గుంతకల్లు పక్క ఒకడు రైలు కింద పడి చస్తే వాని పెండ్లానికి మూటకట్టి ఇచ్చినారు. ఈయమ్మ పేరు మీద ఎంత ఉండాదో చెప్పు. ఉన్నిందంటే ఉందను, లేకుంటే లేదను. దానికేం దుడ్లు పడతాయా నీకి?"

ఉంది అనలేను. లేదు అనలేను. చెప్పను అంటే ఉన్నట్టే. అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది. పోస్టుమాస్టరు బయటికి వచ్చాడు, చేయి గుండీల మీద.

"ఏమిటి గొడవ? పింఛనేమిటి? ఎవరికి పింఛను?"

నేను ఆ క్షణాన్ని ఎన్నోసార్లు తలచుకున్నాను. ఇంకొక్క మాట, "ఈమెకు మన దగ్గర ఉన్నది సేవింగ్స్ ఖాతా కదయ్యా" అన్న ఒక్క మాట ఆయన నోట వస్తే ఆ పిల్లల పన్నెండేళ్లూ అక్కడే తీరిపోయేవి. ఆ మాట ఆయన పెదవుల దాకా వచ్చిందని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ ఆయన కన్నా ముందు బావ అందుకున్నాడు.

"పెద్దసారూ, దండాలు. మీరే చెప్పండి. ఒకరి లెక్క ఇంగొకరికి చెప్పొచ్చునా, చెప్పకూడదా? ఈ చిన్నసారు ఏమీ చెప్పకుండా నీళ్లు నములుతాండాడు."

నిబంధన అడిగితే మా పోస్టుమాస్టరుకు ఇంకేమీ గుర్తుండదు. ఆయన వెన్ను నిటారుగా అయింది.

"చెప్పకూడదు! ఖాతా ఉన్నదీ లేనిదీ కూడా చెప్పకూడదు. ఖాతాదారుడు స్వయంగా వచ్చి అడిగితే తప్ప కలెక్టరు వచ్చినా చెప్పకూడదు. ఎవరయ్యా నువ్వు? గొడుగుతో సహా కౌంటరు మీద పడుతున్నావు? ప్రభుత్వ కార్యాలయమా, మండీయా ఇది?" అంటూ మొదలుపెట్టి, ఆయన ఒక్కొక్క నిబంధనే చెప్పుకుంటూ సావుకారును వరండా మెట్ల దాకా వెనక్కి నడిపించాడు. సావుకారు మెట్టు దిగుతూ బావతో, "నీ కర్మ అప్పా. పంట మీదే తీసుకుంటా, పండితే" అని కసిరి సంతలోకి పోయాడు. బావ తల వంచుకుని బండి వైపు నడిచాడు. మరదలి ముఖం వైపు చూడనుకూడా లేదు.

పోస్ట్‌మ్యాన్ వచ్చాక ఆమె లోపలికి వచ్చింది. ఆమె వేలు ఎంత వణికిందంటే ముద్ర అలుక్కుపోయింది. రెండోసారి నేనే ఆమె చేయి పట్టి పెట్టించాను. పదిహేను రూపాయలు ముడి వేసుకుంటూ, "తెలిసిపోయింది సార్ బావకు. లేకుంటే సావుకార్ని ఏంటికి పిలుచుకొస్తాడు?" అంది. నేనూ అదే అనుకున్నాను.

ఆఫీసు మూసే వేళకు ఆయన మళ్లీ వచ్చాడు. ఒంటరిగా. పోస్టుమాస్టరు లోపల లెక్క సరిచూసుకుంటున్నాడు. నేను పెట్టెకు తాళం వేస్తూ ఆగిపోయాను. పారిపోదామంటే వెనక తలుపు కూడా లేదు.

"ఒక కార్డు ఇయ్యండి సార్."

కార్డు ఇచ్చాను. డబ్బులు పెట్టాడు. కార్డు తీసుకోలేదు. చువ్వల మీద తల ఆనించి గొంతు తగ్గించాడు.

"నమ్మినాడు సార్ ఆయప్ప. ఇంక నన్ను పీక్కుతింటాడు గానీ ఆయమ్మ జోలికి పోడు."

నాకు అర్థం కాలేదు. అర్థమవుతుంటే చేతిలోని తాళం పక్కన పెట్టాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఎంత ఉండాదో తెలీదు. తెలుసుకోను. అనంతపురం రమ్మని కాగితం వచ్చిన దినం నాకి జొరమూ లేదు, గిరమూ లేదు సార్. దుప్పటి కప్పుకొని పండుకొంటి. పోయింటే తెలిసేది. తెలిసింటే, సావుకారు గొంతు మీద కూర్చుంటే నేను చెప్పకుండా ఉంటానా?"

"మరి ఊళ్లో ఆ పింఛను మాట..."

"చావడి కాడ మొదట అన్నింది నేనే. బిడ్డోడు పెద్దయ్యేదాకా అని మీరే చెప్తిరి గదా. మంచిమాట దొరికిందనుకొంటి. పించిని అంటే పదైదుకే చూస్తారు సార్, మూట అంటే ఊరంతా చూస్తుంది. ఈ పొద్దు సావుకారు మరదల్ని అడుగు, అడుగు అని పానం తీసినాడు. సరే పదా, పోస్టాఫీసులోనే అడుగుదాం అంటి. లేదని సర్కారోళ్ల నోట వింటేనే వాడు నమ్ముతాడు. అందుకే ఆ మాట అట్ల అడిగినా. లేదు అనేదానికి మీకి వీలుగా."

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఏడాదికి పైగా ఈ మనిషిని కిటికీలోంచి చూశాను. ఒక్క అక్షరం కూడా చదవలేదు.

"ఆమెకు చెప్తాను" అన్నాను. "నిన్ను చూసి వణికిపోతోంది. ఈ పూట వేలు కూడా నిలవలేదు."

ఆయన ముఖం మారిపోయింది. చువ్వల్లోంచి చేయి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ రోజంతటిలో నిజంగా భయపడిన మనిషిని అప్పుడే చూశాను.

"చెప్పాకండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా. ఆయమ్మ మంచిది. నన్ను నమ్మిందంటే, నా బాయి చూసి, నా అప్పు చూసి, 'తీసుకో బావా' అని తానే తెచ్చిస్తాది. ఆ పొద్దు నేను వద్దంటానా? నాకే నమ్మకం లేదు సార్. వాన రాని ఏడు మనిషి మనిషిగా ఉండడు. రేత్రి పడుకొంటే ఇంగో మట్టు దిగితే నీళ్లు పడతాయి, ఇంగో మట్టు దిగితే పడతాయి అని నా చెవిలో ఎవరో చెప్తానే ఉంటారు. నా తమ్ముని బిడ్డలు సార్ వాళ్లు. ఆయమ్మకు నేనంటే భయం ఉండనీయండి. అది తీసేయాకండి."

సరే అన్నాను. ఆయన చేయి వదిలి వెళ్లిపోయాడు. కార్డు బల్ల మీదే ఉండిపోయింది. రాయడం రాని మనిషికి కార్డు ఎందుకు. దాన్ని చాలాకాలం నా నోట్సులో పెట్టుకున్నాను. ఖర్చు పక్క ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు.

ఆ తర్వాతి సంగతులు కొన్నే. నాకు ధర్మవరానికి బదిలీ అయింది. అక్కడ పట్టుచీరలు నేసేవాళ్లకు, వర్తకులకు కూడా నెల బడ్జెట్లు వేసిచ్చాను. వద్దన్నవాళ్లకూ వేసిచ్చాను. చాలా ఏళ్లకు మా పాత పోస్ట్‌మ్యాన్ ఏదో పెళ్లికి ధర్మవరం వచ్చి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఖాతా ఇంకా నడుస్తోందట, పదిహేనుకు పైసా ఎక్కువ కాకుండా. ఆడపిల్లకు పెళ్లయిందట. పిల్లవాడు హైస్కూల్లో చదువుతున్నాడట. బావి మాత్రం సగంలోనే ఆగిపోయిందట, సావుకారు అప్పు తీర్చడానికి రెండెకరాలు పోయాయట. ఒక మంచి వానల ఏడు ఆ సగం బావి నిండితే ఊరి పిల్లలంతా ఈత నేర్చుకున్నారట.

"ఆయమ్మకు తెలిసిందా?" అని అడిగాను.

"ఏంది సార్ తెలిసేది?" అన్నాడు పోస్ట్‌మ్యాన్. అతనికీ తెలియదని అప్పుడు అర్థమైంది.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం కిటికీలోంచి అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఒక్కటి తప్ప. అది ఆ గొడవ జరిగిన మరుసటి నెల, మొదటి సంతనాడు. ఎండ మండిపోతోంది. బండి రోడ్డుకు అవతల ఆగింది. ఆమె దిగి, తల వంచుకుని, రోడ్డు దాటి వచ్చి స్తంభం చాటున నిలబడింది. పోస్ట్‌మ్యాన్ కలం తీశాడు. ఆమె సిరా దిమ్మె మీదికి వేలు తెచ్చి ఆపింది.

"బావ ఇటే చూస్తాండాడా సార్?"

తల ఎత్తి చూశాను. అంతకుముందు ఎన్ని నెలలు చూశానో, ఏనాడూ గమనించలేదు. ఆయన బండిని అటు తిప్పి నిలిపేవాడు. నొగ మీద కూర్చున్న మనిషి వీపు, నెత్తి మీద తువ్వాలు, అంతే కనపడుతున్నాయి. ముఖం అవతలి వైపు, గుట్టల వైపు ఉంది. ఆమె పని ముగిసి, వచ్చి బండి ఎక్కేదాకా ఆ తల ఇటు తిరగదు.

"చూస్తున్నాడమ్మా" అన్నాను. "త్వరగా కానీ."

ఆమె గబుక్కున వేలు పెట్టింది.